పొయ్యివాడి చెమట

పుటియోలి రేవులో వెనూలియా స్నానశాలకు రెండు ద్వారాలుండేవి. ముందు ద్వారానికి పాలరాతి గడప, పైన సముద్రదేవుడి బొమ్మ, పక్కన నాణేలు వేసే పెట్టె. అది మనుషులు రావడానికి. వెనక ద్వారం కట్టెల బండి రావడానికి. దామా ఆ రెండో ద్వారంలోంచి వచ్చాడు, కట్టెలతో పాటే. పదహారో ఏట సిరియా ఓడ దిగితే, వెనూలియా మనుషులు వాడిని కొని, బండిలో చోటు చాలక మొద్దుల మీదే కూర్చోబెట్టి లోపలికి తోలుకొచ్చారు. ఆ తరవాత పద్ధెనిమిదేళ్ళపాటు వాడు ఆ ద్వారం దాటింది బూడిద పారబోయడానికే.

వాడి పని స్నానశాల అడుగున. పైన వేడిగది నేలను ఇటుక స్తంభాల మీద లేపి కట్టారు. దామా రాజేసిన పొయ్యి సెగ ఆ స్తంభాల మధ్య పారి, గోడల్లో పెట్టిన మట్టిగొట్టాల గుండా పైకి పోయేది. అరికాళ్ళు కాలకుండా చెక్క చెప్పులు తొడుక్కున్న పెద్దమనుషులు టకటకమని తిరుగుతూ "ఆహా, దేవతల దయ!" అనుకునేవారు. ఆ దేవతల దయేమో గోచీ బిగించి, కనుబొమలు మాడిపోయి, అడుగున మొద్దులు ఎగదోస్తూ దగ్గుతూ ఉండేది.

ఆ పొయ్యి ఎంత వేడిదంటే, ఒకసారి ఒక నల్లపిల్లి ఎలకను తరుముతూ స్తంభాల మధ్య దూరి అవతల తేలేసరికి తెల్లపిల్లి అయిందట. ఎలక మాత్రం వేగి బయటపడిందట. దామా ఒట్టేసి చెప్పేవాడు. పిల్లికి బూడిద అంటుకుందేమోనని ఎవరూ అడగలేదు. పుటియోలిలో అలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళు తక్కువ.

సెగ పైకి పోయే గొట్టాల్లోంచే మాటలు కిందికి దిగేవి. వేడిగదిలో చెమట పట్టేదాకా కూర్చోవాలి కనక పెద్దమనుషులకు వాగడం తప్ప వేరే పని ఉండదు. పొద్దున ఆడవాళ్ళు, మధ్యాహ్నం దాటాక మగవాళ్ళు. దామా పద్ధెనిమిదేళ్ళు ఇద్దరి మాటలూ విన్నాడు. ఎవడు తండ్రి చావు కోసం మొక్కుకున్నాడో, ఎవతె నగలు గిల్టువో, ఏ వకీలు ఇరుపక్షాల దగ్గరా తిన్నాడో అన్నీ వాడికి తెలుసు. బట్టలు విప్పుకుని కూర్చున్న గురువులు దాపరికం లేకుండా చదువు చెబుతుంటే, అంతకు మించిన బడి రోములో మాత్రం ఎక్కడుంది? ఆ చదువంతటిలోనూ దామాకు ఒంటబట్టింది ఒక్క ముక్క. ఈ జనం రోగానికి జడవరు, దేవతలకు జడవరు, అప్పులవాళ్ళకు అసలే జడవరు. పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటున్నవాడు రేపు తమ గురించి ఏమంటాడో, దానికి మాత్రం గడగడలాడిపోతారు.

దామాకు కావలసింది కూడా ఒక్కటే. నెత్తిన ఉన్ని టోపీ. విడుదలైన బానిస పెట్టుకునే టోపీ.

వెనూలియా దాన్ని మూడుసార్లు ఇస్తానంది. జ్వరంతో మంచం పట్టినప్పుడు ఒకసారి, కొడుకు ఓడ తుఫానులో చిక్కినప్పుడు ఒకసారి, పండగనాడు ద్రాక్షసారా తలకెక్కినప్పుడు ఒకసారి. జ్వరం తగ్గింది, ఓడ చేరింది, మత్తు దిగింది. టోపీ రాలేదు. గుర్తుచేస్తే, "నిన్ను వదిలేస్తే పొయ్యి ఎవరు చూస్తార్రా? నీ అంత నమ్మకస్తుడు నాకెక్కడ దొరుకుతాడు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పనిలో మంచి పేరు తెచ్చుకోవడం ఎంత తెలివితక్కువ పనో దామాకు అప్పుడు తెలిసివచ్చింది.

ఇలా ఉండగా మెస్సియస్ సంగతి వచ్చింది.

మెస్సియస్ స్వతంత్రుడు. ఆ ఒక్క గుణం తప్ప వాడి దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదు. స్నానశాల వాకిట్లో, సాసేజీలు వేయించేవాడి పక్కన, వాడికో బల్ల. కసరత్తు ఆవరణలో కుస్తీలు పట్టేవాళ్ళ ఒళ్ళు కంచు గీకుడుబద్దతో గీకి, ఆ నూనె, చెమట, మట్టి కలిసిన ముద్దను బుడ్లలో నింపి అమ్మేవాడు. కీళ్ళనొప్పికి రాసుకునేవాళ్ళు, మొహానికి పూసుకునేవాళ్ళు, పిల్లలు పుట్టాలని మరెక్కడో పట్టించుకునేవాళ్ళు. ఎంత పెద్ద మల్లయోధుడి చెమటైతే అంత గిరాకీ. హెర్మోలాస్ అనే గ్రీకు వస్తాదు ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మెస్సియస్ రాజాలా బతికాడు. ఒకరోజు ఆ వస్తాదు మంచి తిండి పెట్టేవాళ్ళు దొరికారని నియాపొలిస్ వెళ్ళిపోయాడు. మర్నాడు మెస్సియస్ బల్ల మీద ఖాళీ బుడ్లు, ఎదుట బారులు తీరిన పెద్దింటి దాసీలు.

వాడు వెనక ద్వారంలోంచి పొయ్యి దగ్గరికి దిగాడు.

"ఒరే దామా, ఒకసారి ఇటు తిరుగు."

"ఎందుకయ్యా?"

"వీపు గీకుతాను."

"నా వీపా? తమరికి ఒంట్లో బాగుందా?"

"నీకు ఊరికే పోయే చెమటేరా! గంటకు కుండెడు కారుస్తావు. రొట్టె, ఉడకేసిన శనగలు ఇస్తాను. నోరు మూసుకో."

దామా తిరిగాడు. మెస్సియస్ గీకాడు. మసి కలిసి ముద్ద నల్లగా వచ్చింది. "ఇది ఒలింపియా గోదాలోని మట్టి" అని చెప్పి మామూలు కన్నా ఎక్కువకు అమ్మాడు. వారం తిరగకుండా దానికి వస్తాదు ముద్ద కన్నా మంచి పేరొచ్చింది. గొట్టాల్లోంచి ఆ పొగడ్తలు దామాకు వినబడేవి. "నా బుగ్గలు చూడవే, పదేళ్ళు తగ్గలేదూ?" "వీరుడి చెమట కదే, ఆ వాసనే వేరు!" అదే ఇల్లాళ్ళు, దామా బూడిద బుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలో ఎదురైతే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగేవారు. దామా శనగలు నములుతూ, నవ్వు పొయ్యిలోకి ఊదేవాడు.

వేసవికి రోము నుంచి ఒక పెద్ద న్యాయాధిపతి గాలి మార్పుకని వచ్చాడు, భార్యతో సహా. ఆవిడ పేరు నుమీసియా. రోము నుంచి వచ్చినావిడ ఏం పూసుకుంటే పుటియోలి అది పూసుకుంటుంది. పుటియోలి ఏం పూసుకుంటోందో చూసి ఆవిడా అదే పూసుకుంది. ఎవరిని చూసి ఎవరు వాత పెట్టుకున్నారో తేల్చడం కష్టం. పది రోజులు దిట్టంగా పట్టించి, పదకొండో రోజున ఆవిడ మామూలు కన్నా ఎక్కువసేపు వేడిగదిలో కూర్చుంది. చెమటకు చెమట తోడై ముద్ద కరిగి, రెండు బుగ్గల మీదా నల్లటి చారలు దిగాయి. అద్దం చూసుకుని ఆవిడ పెట్టిన కేక గొట్టాల్లోంచి వచ్చి దామా చెవిలో పడింది.

ఆవిడ మెస్సియస్‌ను ఆవరణలోకి పిలిపించింది.

"ఏమిటయ్యా ఇది? నా మొహం ఏమైనా ఓడ అనుకున్నావా, తారు పూయడానికి?"

"ఒలింపియా మట్టి, దొరసానిగారూ! అసలు సరుక్కి గుర్తే అది. దొంగ సరుకైతే తెల్లగా ఉంటుంది."

"అయితే ఆ వస్తాదును నేను చూడాలి. రేపు పొద్దున్నే, ఇక్కడే, అందరి ముందూ. నా కళ్ళెదుట గీకాలి."

మెస్సియస్ వెనూలియా దగ్గరికి పరిగెత్తి కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడకూ సంగతి తెలుసు. నెలనెలా రెండు బుడ్లు ఆవిడ మోకాళ్ళకు ఊరికే ముట్టేవి. ఇద్దరూ ఆలోచించి, ఇంతకుముందు తట్టని ఆలోచనేదీ తట్టక, దామానే వస్తాదును చేశారు.

మర్నాడు పొద్దున దామాను తొట్టిలో ముంచి తోమారు. మూడు నీళ్ళు నల్లగా పోయాక నాలుగో నీటికి మనిషి కనబడ్డాడు. పద్ధెనిమిదేళ్ళ మొద్దుల మోతకు చేతులు రోకలిబండల్లా ఉన్నాయి. నూనె రాస్తే నిజంగానే వస్తాదులా మెరిశాడు. వాడు పైకి వస్తే కింద పొయ్యి ఎవరు చూడాలి?

"నువ్వే చూడు. నీ వల్లే కదా ఈ గొడవంతా" అంది వెనూలియా మెస్సియస్‌తో.

"నాకా పని రాదండీ!"

"మొద్దు పొయ్యిలో పెట్టడానికి ఏం చదువు కావాలయ్యా?" అని వాడిని అడుక్కి తోలింది. పొయ్యివాడి పనికి చదువేమీ అక్కర్లేదని పైనున్నవాళ్ళందరి నమ్మకం. అక్కడే పప్పులో కాలేశారు.

ఆవరణలో పుటియోలి పెద్దింటి ఆడవాళ్ళు పన్నెండుమంది దాకా బల్లల మీద కూర్చున్నారు. నుమీసియా మధ్యలో. దామాను నడిపించుకుంటూ వెనూలియా వాడి చెవిలో, "ఒలింపియాలో గెలిచానను. మూడేళ్ళ కిందట అను. అంతకుమించి నోరు విప్పావో, వీపు చీరేస్తాను" అంది.

నుమీసియా లేచి వాడి చుట్టూ తిరిగింది. భుజం నొక్కి చూసింది, సంతలో ఎద్దును చూసినట్టు.

"ఏ ఊళ్ళో గెలిచావు?"

దామా లెక్కేసుకున్నాడు. ఒలింపియా అంటే ఈ పూట గడిచిపోతుంది. సాయంత్రానికి మళ్ళీ పొయ్యి, రేపు మళ్ళీ గీకుడుబద్ద, చచ్చేదాకా శనగలు. నిజం చెబితే కొరడా పడవచ్చు, గనులకు అమ్మేయవచ్చు. పన్నెండు మొహాల వైపూ చూశాడు. పన్నెండింటి మీదా వాడి చెమటే మెరుస్తోంది. పన్నెండు గొంతులూ వాడికి తెలుసు, ఎవరిని చూసి ఎవరు జడుస్తారో కూడా తెలుసు.

"ఎక్కడా గెలవలేదు దొరసానిగారూ. నేను వస్తాదును కాను. ఈ అమ్మగారి బానిసను, కింద పొయ్యి వేస్తాను. తమరి మొహం మీద ఉన్నది నాదే. ఆ కమ్మ పెట్టుకున్న అమ్మగారి మెడ మీదా నాదే. అటు చివర కూర్చున్న అమ్మగారు ఎక్కడ రాసుకున్నారో నాకు తెలుసు గానీ చెప్పను."

అటు చివర కూర్చున్నావిడకు దగ్గొచ్చింది.

వెనూలియా చెయ్యెత్తింది. నుమీసియా ఆ చెయ్యి పట్టుకుంది. ఆవిడ మొహం పాలిపోయి, ఎర్రబడి, మళ్ళీ మామూలైంది. రోములో ఇరవయ్యేళ్ళు కాపరం చేసిన మనిషి.

"ఎవరైనా ఏమైనా విన్నారా?" అంది చుట్టూ చూసి.

పన్నెండుమందీ కప్పు మీది పావురాల వైపు చూస్తున్నారు.

"వీడికి ఎన్నేళ్ళు?"

"ముప్పై నాలుగు" అంది వెనూలియా.

"ముప్పై దాటాయి, చట్టం అడ్డురాదు. మంచిది. మావారు ఇవాళ మధ్యాహ్నం స్నానానికి వస్తారు. దారిలో ఆపి, ఆయన ఎదుట వీడిని విడిపించెయ్, అప్పుడే చట్టానికి చెల్లుతుంది."

"విడిపించడమా? నా పొయ్యి..."

"పిచ్చిదానా, వీడు బానిసగా ఉన్నంతకాలం నేను బానిస చెమట పూసుకున్నదాన్ని. రేపు రోములో ఏ నోరు జారినా నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? విడిపించావనుకో, పుటియోలి పౌరుడు, కండలున్నవాడు, కసరత్తు చేస్తాడు. ఇంకేం?"

"కానీ అమ్మా, పూసుకున్నది పది రోజుల కిందటిది కదా? అప్పటికి వీడు..."

"చెమట మీద ఎవరైనా తేదీ వేస్తారటే? నువ్వెక్కడ రాసుకున్నావు?"

"మోకాళ్ళకు."

"అయితే నీ మోకాళ్ళను కూడా కాపాడుకో."

మిగతా పన్నెండుమందీ ఒక్క గొంతుతో, వాడు అసలు పుట్టుకతోనే దొరబిడ్డలా ఉన్నాడనీ, విడిపించకపోవడం పాపమనీ అన్నారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న చేతులే ఆశీర్వదించాయి.

వెనూలియా మరీ అంత అమాయకురాలు కాదు. దామాను పక్కకు లాక్కెళ్ళి, ఇంటి దేవతల ముందు నిలబెట్టింది. విడిపించాక కూడా బతికినంతకాలం రోజూ పొయ్యి చూస్తానని ప్రమాణం చేయమంది. వాడు చేశాడు, ఒక్క మాట పొల్లుపోకుండా. అయితే బానిస నోట వచ్చిన ప్రమాణం న్యాయస్థానంలో చెల్లదు. విడుదలయ్యాక అదే ప్రమాణం మళ్ళీ చేయిస్తేనే మెడకు చుట్టుకుంటుంది. అందుకే యజమానులు రెండుసార్లు చేయిస్తారు. ఆ సంగతి వెనూలియాకు తెలుసు. దామాకూ తెలుసు. ఇద్దరు వకీళ్ళు పైన ఒళ్ళు తోముకుంటూ దాని మీద ఒక శీతకాలమంతా కీచులాడుకున్నారు.

మధ్యాహ్నం దాటింది. న్యాయాధిపతి బెత్తాలు పట్టిన భటులతో, భుజాన తువ్వాలుతో, ఆకలి మీద వచ్చాడు. స్నానమయ్యాక విందుంది. వెనూలియా గడప ముందే అడ్డం నిలబడింది. ముగ్గురు పిల్లల్ని కన్న ఆడది కనక, చట్టప్రకారం తనకు ఏ మగవాడి అనుమతీ అక్కర్లేదని గబగబా చెప్పుకుంది.

"కానీ, కానీ" అన్నాడాయన. "నీళ్ళు చల్లారిపోతాయి."

ఆవిడ దామా చెయ్యి పట్టుకుని, ఆచారం ప్రకారం చుట్టూ ఒకసారి తిప్పి, వదిలేసింది. భటుడు వాడి నెత్తిన బెత్తం ఆనించాడు. న్యాయాధిపతి ఆవలింత మధ్యలో "వీడు స్వతంత్రుడు" అన్నాడు. పద్ధెనిమిదేళ్ళు మూడు మొక్కులకు లొంగనిది ఆవలించేలోపు అయిపోయింది. సాసేజీల వాడు తన పాత ఉన్ని టోపీ తీసి దామా నెత్తిన పెట్టాడు. టోపీకి వేపుడు వాసన.

"రా, దేవతల దగ్గరికి రా. రెండో ప్రమాణం" అని వెనూలియా వాడి మణికట్టు పట్టుకుంది.

అప్పుడే లోపల్నుంచి న్యాయాధిపతి అరుపు వినబడింది. ఆ అరుపులో న్యాయం గానీ అధికారం గానీ లేవు. చల్లనీళ్ళలో దూకిన ముసలాయన అరుపు మాత్రమే. వెంటనే వేడిగది గోడ సందుల్లోంచి పొగ, పొగలోంచి పెద్దమనుషులు, తువ్వాళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ బయటపడ్డారు. వెనక ద్వారంలోంచి మెస్సియస్ మీసం మాడి, మొహం మసై పైకి వచ్చాడు. పొయ్యి నోటిదాకా పచ్చిమొద్దులు కుక్కి, మంటను ఊపిరాడకుండా చంపేశాడు. తన సరుకు ఎలా తయారవుతుందో వాడికి మొదటిసారి తెలిసింది.

వెనూలియా దామా చెయ్యి వదిలేసి లోపలికి పరిగెత్తి, దొరవారికి దండాలు పెట్టి, మళ్ళీ బయటికి పరిగెత్తుకొచ్చింది.

"ఒరే దామా! దిగు! పొయ్యి చూడు!"

"ఏ దామా అమ్మగారూ? నేనిప్పుడు లూకియస్ వెనూలియస్ దామాను. మీ నాన్నగారి పేరే, మీ ఇంటిపేరే. మన ఇంటివాళ్ళు పొయ్యి దగ్గరికి పోతారా, ఎంత అప్రదిష్ట!"

"ప్రమాణం చేశావు కదరా!"

"చేశాను."

"మళ్ళీ చెయ్యి!"

"ఎందుకండీ? ఒకసారి చేసింది చాలదా?"

"అది చెల్లదని నీకూ తెలుసు, వెధవా!"

"తెలిసే చేశానండి" అన్నాడు దామా మర్యాదగా.

ఆవిడ ఏడ్చింది. ఈసారి నిజంగానే ఏడ్చింది, పొయ్యి కోసం. దామా తల వంచి విన్నాడు. విడుదల చేసిన యజమానురాలికి ఆ మాత్రం గౌరవం చట్టప్రకారం ఇవ్వాలి. అంతకుమించి ఏమీ ఇవ్వనక్కర్లేదు.

తరవాత వాడు ముందు ద్వారం వైపు నడిచాడు. బూడిదలో ఎప్పుడో దొరికిన రాగి నాణెం పెట్టెలో వేశాడు. పాలరాతి గడప దాటి, బట్టలు విప్పి, టోపీ మాత్రం ఉంచుకుని వేడిగదిలోకి వెళ్ళాడు. తన సెగతో పద్ధెనిమిదేళ్ళు వెచ్చగా ఉన్న ఆ నేల మీద వాడు అడుగుపెట్టడం అదే మొదలు. నేల శవంలా చల్లగా ఉంది. అక్కడి వేడినీళ్ళ కొలనులో న్యాయాధిపతి ఒక్కడే మిగిలాడు. బయటికి వస్తే ఒంటి మీద గాలి తగిలి ఇంకా చలేస్తుందని మెడదాకా మునిగి కూర్చున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నువ్వు... ఇందాకటివాడివి కదూ?"

"అవును దొరా."

"ఈ నీళ్ళు ఎందుకయ్యా ఇలా ఉన్నాయి?"

"తమరి దయే దొరా. వేడి చేసేవాడిని తమరే విడిపించారు."

"వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు, కదూ?" అన్నాడు న్యాయాధిపతి పళ్ళు కొట్టుకుంటూ.

"లేదు దొరా. ఇక్కడ ఒళ్ళు తోముకునే వకీళ్ళే చెప్పారు."

దామా నీళ్ళలోకి దిగాడు. ఆ చలి ముందు మోకాళ్ళను పట్టుకుంది, తరవాత నడుమును, తరవాత గుండెను. పొయ్యి దగ్గర అంతకాలం ఉడికిన ఒళ్ళు ఒక్కసారి విలవిల్లాడింది. న్యాయాధిపతి ఇక ఓర్చుకోలేక లేచి భటుల్ని కేకేస్తూ వెళ్ళిపోయాడు. బయట వెనూలియా మెస్సియస్‌ను తిడుతోంది. ఎవరో ఇల్లాలి దాసీ, కొత్త పౌరుడి బుడ్డి ఇంకేమైనా మిగిలిందా అని అడుగుతోంది. దామా గడ్డందాకా మునిగి, వణుకుతూ, పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాడు. లేవమని చెప్పే హక్కు ఇక ఎవరికీ లేదు.